పక్క బోటుకి వెళ్ళిన గురుతులు

అంతర్వేది లైట్‌హౌస్ వెనకబడి అగ్గిపుల్లంత అయ్యేసరికి ఫోనులో సిగ్నల్ పోతుంది. అక్కడి నుంచి సురేష్‌బాబుకి ఏం తోచదు. బోటు మీద మిగిలినవాళ్ళకి అప్పుడే తెరిపి. ఒకడు వల సర్దుకుంటాడు, ఒకడు పొయ్యి వెలిగిస్తాడు, పనిలేనివాడు దొరికిన చోట ముడుచుకుని కునుకు తీస్తాడు. వీడు మాత్రం ఐసు పెట్టె దగ్గర నుంచి ఇంజను దాకా, ఇంజను దగ్గర నుంచి ఐసు పెట్టె దాకా తిరుగుతూనే ఉంటాడు. తాళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి. పడుకున్నవాడి చెయ్యి తొక్కుతాడు.

"ఒక చోట కూర్చోరా బాబూ. సముద్రానికి రాని వాంతి నిన్ను చూస్తే వస్తంది" అంటాడు తొక్కించుకున్నవాడు.

కూర్చోవడం చేతనైతే సురేషు ఈపాటికి ఇంజనీరు అయ్యుండేవాడు. భీమవరంలో రెండో సంవత్సరం మధ్యలో కాలేజీ మానేశాడు. మార్కులు రాక కాదు, బెంచీ మీద పొద్దస్తమానం ఉండలేక. నరసాపురంలో సెల్‌ఫోన్ షాపులో చేరాడు, యజమానితో పడలేదు. మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద మేత చల్లడానికి వెళ్ళాడు, రాత్రంతా గట్టు మీద ఒక్కడే తిరగలేక వచ్చేశాడు. ఎక్కడికి వెళ్ళినా నెల తిరిగేసరికి ఒంటికి చీమలు పట్టినట్టుంటుంది వాడికి. తండ్రి లేడు. తల్లి లోవమ్మ చేపల బజారులో గంప పెట్టుకుని కూర్చుంటుంది. ఆవిడే ఒకరోజు తమ్ముడు పెదబాబుని పట్టుకుంది.

"నీ బోటెక్కించుకోరా తమ్ముడూ. చుట్టూ నీళ్ళుంటే ఎక్కడికి పారిపోతాడో చూద్దాం."

పెదబాబు బోటుకి యజమానీ అతనే, నడిపే సరంగూ అతనే. మాట తక్కువ మనిషి. మేనల్లుడిని ఎక్కించుకున్నాడు గానీ మొదటి వేటలోనే తెలిసిపోయింది, వీడి చేతులు వలకి పనికిరావని. తాడు పట్టుకుంటే అరచేతులు పగిలిపోయేవి. చేపలు ఏరమంటే మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు. మిగతావాళ్ళు గొణిగారు. పెదబాబు ఏమీ అనలేదు, కానీ రెండో వేటకి రమ్మని కూడా అనలేదు. వీడే సిగ్గు లేకుండా వెళ్ళి ఎక్కాడు.

అలాంటివాడికి బోటు మీద ఒక స్థానం దొరికింది, అదీ ఒక పెట్టె చెడిపోబట్టి.

సముద్రం పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్ళు. అడుగున నేల అలా ఉండదు. ఒకచోట మెత్తటి బురద, దాని పక్కనే వల చించే రాళ్ళు. ఏ నేల ఎక్కడుందో తెలిసినవాడు బతుకుతాడు. ఆ చోట్లని గురుతులంటారు. వెనకటివాళ్ళు గట్టు మీద కనిపించే గోపురాన్నీ తాడిచెట్లనీ ఒకదానితో ఒకటి కలిపి చూసి గుర్తుపెట్టుకునేవారు. పెదబాబు వాళ్ళ నాన్న అలాంటివాడే. పెదబాబు వాటన్నింటినీ జీపీఎస్ పెట్టెలోకి ఎక్కించుకున్నాడు, తను కనిపెట్టినవి కూడా కలిపాడు. కట్టుకున్న భార్యకి కూడా అవి ఎక్కడివో తెలియవు. ఉప్పుగాలి కొట్టి కొట్టి ఆ పెట్టె తెర చచ్చిపోతూ వచ్చింది. సగం అంకెలు కనబడితే సగం కనబడవు.

"ఫోనులోకి ఎక్కించేద్దాం మావయ్యా. మ్యాపుల యాపుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తది" అన్నాడు సురేషు.

 తర్వాత బోటు రేవులో ఉండగా, మిగతావాళ్ళు లేనప్పుడు, ఇద్దరూ ఇంజను గదిలో కూర్చున్నారు. మసకబారిన తెర మీద అంకెలు ఆయన చదువుతుంటే వీడు ఫోనులో కొట్టాడు. వాటిలో వరద తగ్గాక రొయ్యలు చేరే బురద దారి వచ్చింది. రెండు రాళ్ళగుట్టల మధ్య సన్నటి దారి అది. తెలిసినవాడు వల దింపితే పెట్టెలు నిండుతాయి.

"ఇది రొయ్యల మట్టి కదా మావయ్యా."

"ఆ. ఇనుం అని రాయి."

"ఇనుం ఏంటి?"

"రాయమంటే రాయి."

ఇంకొంచెం సేపటికి ఆ అంకెల వరసలో మునిగిన ఓడ వచ్చింది. ఎప్పటిదో, ఎవరిదో తెలియదు. బురదలో కూరుకుపోయిన ఇనుప గుట్ట. సురేషు చిన్నప్పుడు పెదబాబు వల దానికి తగులుకుంది. లాగుతున్న వల రాయిలా నిలబడిపోయింది, ఇంజను మాత్రం లాగుతూనే ఉంది. బోటు వెనకభాగం కుంగి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. పెదబాబు గొడ్డలితో తాడు నరికాడు. తెగిన తాడు కొరడాలా వెనక్కొచ్చి కొట్టింది, అతని చెవి పక్క మచ్చ దానిదే. ఆ దెబ్బకి వల మొత్తం పోయింది. అందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు కాబట్టి ఇంట్లో ఎవరూ వల గురించి ఏడవలేదు.

"దీనికి రొయ్యల మట్టి అని రాయి" అన్నాడు పెదబాబు.

సురేషుకి అప్పుడు అర్థమైంది. కిందటేడు బోటులో పనిచేసే కళాసీ ఒకడు జీపీఎస్ పెట్టెలో అంకెలు దొంగతనంగా ఎత్తి రాసుకుని ఇంకో బోటెక్కేశాడు. మళ్ళీ ఎవడైనా ఆ పని చేస్తే మంచి చోట్లు వదిలేసి చెడ్డ చోట్లలో వల దింపుకుంటాడు. గురుతులన్నింటికీ పేర్లు అలాగే తిరగేయించాడు పెదబాబు. అసలు సంగతి ఇద్దరికే తెలుసు.

ఇంటికొచ్చి సురేషు అన్నం సరిగా తినలేదు. వాడిని నమ్మి ఎవరూ ఏదీ చేతిలో పెట్టలేదు అంతకుముందు. అమ్మ కూడా గల్లాపెట్టె తాళం ఇవ్వదు. మావయ్య తన తండ్రి దగ్గర నుంచి వచ్చినవన్నీ వీడి జేబులో పెట్టాడు. ఫోను నీళ్ళల్లో పడితే ఎలా అని భయమేసి గురుతుల ఫైలు ఇంకో కాపీ తీసి పెట్టుకున్నాడు. వేటకి వెళ్ళేటప్పుడు సినిమాలు దించుకునే ఫోల్డరు ఒకటుంది, దాని పేరు 'బోటు'. తొందరలో ఆ కాపీని అందులోనే పడేశాడు. చేసిన బుద్ధితక్కువ పని అదే. అప్పటికి వాడికది జాగ్రత్త అనిపించింది.

గోదావరికి వరద వచ్చి తీసింది. ఎర్రనీళ్ళు సముద్రంలోకి కలుస్తున్నాయి. పెదబాబు బోటు బురద దారి వైపు వెళ్తుండగా ఒకరోజు పొద్దున్నే ఇంకో బోటు ఎదురొచ్చింది. అది తాతాజీది. తాతాజీ కూడా వీళ్ళ పల్లిపాలెం రేవు మనిషే. వరసకి పెదబాబుకి బావ. రేవులో వేలం దగ్గర ఇద్దరూ ఒకరి రొయ్యల్ని ఒకరు ఓరచూపు చూసుకుంటారు గానీ గొడవలేమీ లేవు.

"బావా, నీళ్ళ క్యాను ఒకటి పగిలిపోయింది. మంచినీళ్ళేమన్నా ఉన్నాయా" అని కేకేశాడు తాతాజీ.

సముద్రం మీద అడిగినదానికి లేదనరు. గట్టు మీద మాట్లాడుకోనివాళ్ళు కూడా నీళ్ళూ, ఐసూ, డీజిలూ ఇచ్చుకుంటారు. ఇప్పుడు దానికి సినిమాలు కూడా చేరాయి. రెండు బోట్లూ పక్కపక్కకి వచ్చి, మధ్యలో టైర్లు వేసి, తాడుతో కట్టుకున్నాయి. నీళ్ళ క్యాను అటు వెళ్ళింది, గిన్నెడు చింతచిగురు పప్పు ఇటు వచ్చింది. తాతాజీ కొడుకు సుకుమార్ అంచు మీద కాలు పెట్టి ఫోను బయటికి తీశాడు. సురేషుతో కలిసి ఇంటర్ చదివినవాడు.

"ఏరా, కొత్తవేమన్నా తెచ్చావా?"

"నీకు ఇవ్వడానికే తెచ్చాను. క్విక్‌షేర్ ఆన్ చెయ్యి. అందరికీ కనబడేలా పెట్టు."

"పెట్టాను. వచ్చిందా?"

"ఇక్కడ 'సముద్రపు సింహం' అని ఒకటి కనబడతంది. అది నువ్వేనా?"

"నేనే."

"నీళ్ళు అడుక్కోడానికి వచ్చావు కదరా సింహమూ."

సుకుమార్ నవ్వాడు. అల వచ్చి రెండు బోట్లూ గుద్దుకున్నాయి. సురేషు ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలుతో 'బోటు' ఫోల్డరు తెరిచి, ఒక్కొక్కటీ ఏరే ఓపిక లేక అన్నీ ఒకేసారి ఎంచి కొట్టాడు. నెట్టు లేదు, గట్టు లేదు, ఫోను నుంచి ఫోనుకి గాల్లోనే సినిమాలు వెళ్తున్నాయి. గీత సగం నిండి ఆగిపోయింది.

"ఆగింది. చెయ్యి ముందుకి చాపరా, దూరమైపోయావు."

"ఇంకెంత చాపను, నీళ్ళల్లో పడతాను."

"పడితే సింహం ఈదుద్ది. చాపు."

మళ్ళీ కదిలింది. నిండింది. అప్పటికే తాతాజీ ఇంజను గట్టిగా కొట్టి తాడు విప్పెయ్యమంటున్నాడు. బోట్లు విడిపోయాయి. సుకుమార్ ఫోను పైకెత్తి ఊపాడు. కొత్త వల వేసుకున్నారు వాళ్ళు ఈ ఏడాది, వెనకాల గుట్టగా పచ్చగా కనబడుతోంది.

సురేషు పప్పు వేసుకుని అన్నం తిన్నాడు. తిన్నాక ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ఫోను తీశాడు. పంపినవాటి వరస చూస్తున్నాడు, ఏ సినిమా వెళ్ళింది, ఏది వెళ్ళలేదు అని. సినిమాల కింద, పాటల కింద, అట్టడుగున ఇంకొకటి ఉంది. గురుతులు. పక్కన టిక్కు.

 మళ్ళీ చూశాడు. టిక్కు అలాగే ఉంది. పంపినదాన్ని వెనక్కి లాక్కునే బటను ఎక్కడా లేదు. అవతలివాడి ఫోనులోకి వెళ్ళిపోయాక అది అవతలివాడిది. ఐసు పెట్టె దాకా నడిచాడు, ఇంజను దాకా నడిచాడు. మావయ్య చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు, వీపు ఇటు. ఆ వీపు చూడలేక మళ్ళీ ఐసు పెట్టె దగ్గరికి వచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది పేర్లు తిరగేసిన సంగతి. నవ్వొచ్చింది. ఒక్కడే పైకే నవ్వాడు. పక్కనున్న కళాసీ వీడికి పిచ్చెక్కిందనుకున్నాడు. వాళ్ళకి దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. మంచి చోటంతా ఇనుం అని ఉంటుంది, దాని జోలికి పోరు. రొయ్యల మట్టి అని ఉన్న చోటికి వెళ్తారు, వెళ్ళి వల దింపుతారు.

నవ్వు అక్కడ ఆగిపోయింది.

తాతాజీ బోటు ఎక్కడుందో చూశాడు. ఉత్తరం వైపు పోవాల్సినవాళ్ళు దక్షిణానికి, ఓడ ఉన్న వైపుకి తిరిగారు. సుకుమార్ గురించి వీడికి తెలుసు. కొత్త ఫైలు కనిపిస్తే తెరవకుండా ఉండడు, తెరిచాక తండ్రికి చూపించకుండా ఉండడు. రొయ్యల సీజనులో పెదబాబు గురుతుల్లో రొయ్యల మట్టి కనబడితే ఏ సరంగైనా ఏం చేస్తాడు?

సురేషు వెళ్ళి మావయ్య పక్కన నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

పెదబాబు చక్రం వదల్లేదు.  "అన్నీనా?" అన్నాడు.

"అన్నీ."

"నీకు ఇవ్వడం నాది బుద్ధితక్కువ."

"అది తర్వాత తిట్టు మావయ్యా. వాళ్ళు ఓడ మీదకి పోతన్నారు."

పెదబాబు తల తిప్పి చూశాడు. తాతాజీ బోటు చిన్నదైపోయింది. ఇంజను మంచిది వాళ్ళది, వెంటపడితే అందదు. ఆయన తల పైన వేలాడుతున్న వైర్‌లెస్ సెట్టు మైకు అందుకున్నాడు. ఆ సెట్టులో ఒక్క బోటుతో గుట్టుగా మాట్లాడడం కుదరదు. చుట్టుపక్కల ఎన్ని బోట్లుంటే అన్నింటిలోనూ వినబడుతుంది.

"తాతాజీ బావా. పెదబాబుని. వినబడతందా?"

"వినబడతంది బావా. నీళ్ళిచ్చి ప్రాణం పోశావు."

"మావోడు సినిమాలతో పాటు ఇంకోటి పంపించాడు మీవోడికి. చూశారా?"

సెట్టు గరగరలాడింది. "చూశాం. మేం అడగలేదు బావా, వచ్చింది" అన్నాడు తాతాజీ.

"తప్పు మీది కాదులే. రొయ్యల మట్టని ఉంటది అందులో. అక్కడ వల దింపకు. అడుగున ఓడుంది."

ఈసారి నవ్వు వినబడింది. ఒక్క తాతాజీది కాదు, వాళ్ళ బోటులో అందరిదీ.

"ఓడున్న చోటికి రొయ్యల మట్టని ఎందుకు రాసుకుంటావు బావా? సీజనంతా నువ్వొక్కడివే తోడుకుంటే ఎలా, రెండు పెట్టెలు మాకూ వదులు."

పెదబాబు మైకు నోటి దగ్గర పెట్టుకుని ఊరుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో చెప్పాలంటే పేర్లు తిరగేసిన సంగతి చెప్పాలి. అది చెబితే ఆ ఫైలు మొత్తం చదవడం ఎలాగో చెప్పినట్టే.

ఎవరో మూడో బోటువాడు మధ్యలో దూరాడు. "ఎక్కడ బావా రొయ్యలు? ఏ మట్టి?"

సురేషు మైకు లాక్కున్నాడు. "సుకుమారూ, సురేషుని. అమ్మతోడు రా, అక్కడ ఓడుంది. మా మావయ్య వల పోయింది అక్కడే. వెనక్కి తిరగండి."

"పంపిందీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా?" అన్నాడు సుకుమార్. "మీ మావయ్య పక్కనే నిలబడి చెప్పిస్తన్నాడు కదా. పాపం, నీ తిట్లు నీకున్నాయిలే."

పెదబాబు మైకు తీసుకుని కొక్కానికి తగిలించేశాడు.

"చెప్పాం. వినకపోతే వాడి ఖర్మ."

"నమ్మేలా చెప్పలేదు మావయ్యా."

"నమ్మేలా అంటే?"

ఇద్దరికీ తెలుసు నమ్మేలా అంటే ఏంటో. ఊరికే వద్దంటే ఏ సరంగూ నమ్మడు, రొయ్యలున్న చోటు దాచుకునేవాడు అనే మాటే అది. దాని బదులు అసలు చోటు ఇచ్చేస్తే నమ్ముతాడు. మరో దారి లేదు.

"ఆ దారి మా నాన్న చూపించింది" అన్నాడు పెదబాబు. గొంతు పెంచలేదు. "ఇంట్లో ఏం జరిగినా ఆ మట్టే నిలబెట్టింది. ఈ సెట్టులో చెప్తే సాయంత్రానికి రేవులో బోట్లన్నీ అక్కడే ఉంటాయి. అది ఇక నాది కాదు."

"వాళ్ళ బోటు మునిగిపోద్ది మావయ్యా."

"మాది మునగలేదు."

"గొడ్డలి నీ చేతిలో ఉంది కాబట్టి మునగలేదు. తాతాజీ బాబాయ్ కొత్త వల నరుకుతాడా? చూస్తా నిలబడతాడు."

పెదబాబు చెవి పక్క మచ్చ ఎర్రబడింది. దూరంగా తాతాజీ బోటు వేగం తగ్గింది. వల దింపేముందే అలా తగ్గిస్తారు. వెనకాల పచ్చటి గుట్ట తరిగిపోవడం అంత దూరం నుంచి కనబడదు గానీ సురేషుకి కనబడినట్టే ఉంది.  చెయ్యి మైకు మీదకి పోయింది.

"చెప్పావంటే నా బోటు ఎక్కకు మళ్ళీ" అన్నాడు పెదబాబు.

సురేషు మైకు తీశాడు.

"తాతాజీ బాబాయ్, వినండి. మా గురుతుల్లో పేర్లన్నీ తిరగేసి ఉన్నాయి. దొంగలెత్తుకుపోతారని అలా రాశాం. రొయ్యల మట్టి అని ఉన్నది ఓడ. ఇనుం అని ఉన్నది రొయ్యల మట్టి. నమ్మకపోతే అంకెలు చెప్తాను, మీ దగ్గరున్నదాంతో సరిచూసుకోండి."

చెప్పాడు. అసలు రొయ్యల మట్టి అంకెలు ఒక్కొక్కటీ విడివిడిగా, నరసాపురం బస్టాండులో బస్సులు పిలిచినట్టు గట్టిగా చెప్పాడు. సుకుమార్‌కి చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి చడీచప్పుడు లేకుండా ఇచ్చేసినదాన్ని సరిదిద్దడానికి ఇప్పుడు సముద్రమంతా వినేలా అరవాల్సొచ్చింది. పెదబాబు ఆపలేదు. ముందుకే చూస్తూ చక్రం పట్టుకుని ఉన్నాడు.

 ఇందాకటి మూడో బోటువాడి గొంతు సెట్టులో మళ్ళీ వచ్చింది.

"బాబూ, రెండో అంకె సరిగ్గా వినబళ్ళేదండి. ఇంకోసారి చెప్పండి."

సురేషుకి వచ్చింది కోపమో, ఏడుపో, నవ్వో వాడికే తెలియలేదు. మైకు నొక్కి పట్టుకుని ఏదో బూతు అనబోయి ఆగాడు.

"ఎత్తేస్తన్నాం" అన్నాడు తాతాజీ అప్పుడు. గొంతులో నవ్వు లేదు. "వల సగం దిగింది. తాడు బిగుస్తంది. ఎత్తేస్తన్నాం."

 పెదబాబు ఇంజను తగ్గించి బోటుని అటువైపు తిప్పాడు.  కళాసీలు లేచి నిలబడ్డారు. గొడ్డలి ఎక్కడుందో వెతికి ఒకడు చేతిలోకి తీసుకున్నాడు. వీళ్ళు సగం దూరం వెళ్ళేసరికి సుకుమార్ సెట్టులో పిలిచాడు.

"బయటికొచ్చింది. ఒక చివర చిరిగింది. తుప్పు రేకు ఒకటి వలలో ఇరుక్కుని పైకొచ్చింది రా, తలుపంత ఉంది."

"అందరూ బాగానే ఉన్నారా?"

"ఆ. నాన్న కూర్చున్నాడు."

తర్వాత తాతాజీ గొంతు వచ్చింది. "నీళ్ళ క్యాను రేవులో ఇచ్చేస్తాను బావా."

"ఆయ్, అలాగే" అన్నాడు పెదబాబు.

బురద దారి దగ్గరికి వీళ్ళు వెళ్ళేసరికి అక్కడ బోట్లు ఉన్నాయి. ముందు రెండు, పొద్దు వాలేసరికి ఇంకా కొన్ని. తన తండ్రి చూపించిన చోట పెదబాబు వంతు కోసం ఆగాడు. పక్క బోటువాడెవడో మర్యాదగా "మీరు ముందు దింపండి బావగారూ" అన్నాడు. ఆ మర్యాద తిట్టు కంటే ఎక్కువ తగిలింది సురేషుకి. పడినవి రెండు పెట్టెలే. రేవుకి వచ్చేదాకా మావయ్య వాడితో మాట్లాడలేదు. వాడు ఆ దారంతా ఐసు పెట్టె మీద కదలకుండా కూర్చున్నాడు. అలా కూర్చోవడం అదే మొదటిసారి.

రేవులో లోవమ్మ గంప పట్టుకుని ఎదురొచ్చింది. "నీ కొడుకుని ఇక పంపకక్కా" అన్నాడు పెదబాబు.

"ఏం చేశాడు?"

"నోరు జారాడు."

సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు. రేవులో అందరికీ తెలుసు. "నోరు లేనోడు కావాలంటే చేపని ఎక్కించుకోవాల్సింది తమ్ముడూ" అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి వేటకి బోటు వీడు లేకుండానే వెళ్ళింది. గట్టు మీద సురేషుకి అడుగు పెట్టే చోటు లేకుండా పోయింది. టీ బడ్డీ దగ్గర ఒకడు, "సురేష్‌బాబు గారూ, ఇంకేమన్నా పంపిస్తారా అండి, ఫోను ఆన్ చేసి పెట్టుకున్నాం" అంటాడు. ఇంకొకడు భుజం తట్టి మంచి పని చేశావంటాడు, అంటూనే మిగతా గురుతులు ఎక్కడెక్కడున్నాయో కూపీ లాగుతాడు. తాతాజీ ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా బోటెక్కు. నీ తిండి నేను పెడతాను" అన్నాడు. "ఆ ఫైలు తీసెయ్యమని మావోడికి చెప్పాను. తీసేశానన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు, మీ ఫోన్ల సంగతి మీకే తెలియాలి."

"వద్దులెండి బాబాయ్."

"మీ మావయ్య తిట్టాడా?"

"తిడితే బాగుండేది."

సుకుమార్ ఫైలు తీసేసి ఉంటాడా అని సురేషు చాలాసార్లు ఆలోచించాడు. తనైతే తీసేస్తాడా అని కూడా ఆలోచించాడు. తియ్యడు. అది తెలిశాక సుకుమార్‌ని అడగాలనిపించలేదు.

పెదబాబు బోటు అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చింది. ఆ ఫైలు ఎన్ని ఫోన్లు మారిందో ఏమో, గురుతుల్లో ఎటు వెళ్ళినా ఎవరో ఒకరు ముందే ఉంటున్నారని కళాసీలు చెప్పుకున్నారు. ఆ సాయంత్రం పెదబాబు అక్క ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లోవమ్మ చేపల పులుసు వడ్డించింది. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. సురేషు గుమ్మంలో నిలబడి ఉంటే వాడికేసి చూడకుండానే అన్నాడు.

"పాతవన్నీ ఊరివి చేసేశావు."

"అవును మావయ్యా."

"ఇవి పట్టుకుని నేను కూర్చుంటే కుదరదు. ఇక కొత్తవి వెతకాలి. వెతకాలంటే పొద్దస్తమానం తిరగాలి. వల దింపడం, ఎత్తడం, ఒట్టిచేతుల్తో ఇంకోచోటికి పోవడం. మా వాళ్ళెవరికీ ఓపిక లేదు." తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "నువ్వైతే ఎలాగూ ఒక చోట ఉండవు."

ఎక్కమని అనలేదు. తెల్లారకముందే సురేషు వెళ్ళి ఎక్కాడు. ఎవరూ దిగమనలేదు.

రెండు రోజులు ఎవరూ వల వెయ్యని నీళ్ళలో తిరిగారు. ఒకచోట ఒట్టి బురద, ఒకచోట గవ్వలు, ఒకచోట వల చివర చిరిగింది. మూడోనాడు మిట్టమధ్యాహ్నం, గట్టు ఏ వైపూ కనబడని చోట, పెదబాబు ఇంజను తగ్గించి వల దింపించాడు. తాడు బారలు బారలుగా జారి నీళ్ళల్లోకి దిగింది. కింద ఏముందో బోటులో ఒక్కడికీ తెలియదు. కొంతదూరం సాఫీగానే లాగింది. ఉన్నట్టుండి తాడు బిగిసి గొణగడం మొదలుపెట్టింది. బోటు వెనకభాగం కొద్దిగా కుంగింది.

"రాయా?" అన్నాడు కళాసీ.

"బరువేమో" అన్నాడు ఇంకొకడు.

పెదబాబు చక్రం వదల్లేకపోయాడు. వెనక్కి తిరిగి గొడ్డలి ఎవరి దగ్గరుందో చూశాడు. సురేషు దగ్గరుంది. ఎప్పుడు తీసుకున్నాడో వాడికే తెలియదు, తాడు పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు.

"నేను అనేదాకా నరక్కు" అన్నాడు పెదబాబు. "అన్నాక ఆలోచించకు."

"ఆయ్" అన్నాడు సురేషు. తాడు మీద నుంచి కళ్ళు తియ్యలేదు.